అదనుకు అందిన సహాయం: వైద్యపరిశోధకుల పోషణ చరిత్ర

అనంతపురం పీఠభూమిలో వర్షం తక్కువ. చిత్రావతి ఒడ్డున ఉన్న గోరంట్ల పరిసరాలలో వేరుశనగ వేసే రైతుకు డబ్బు ముఖ్యంగా కావలసినది కోతల కాలంలో కాదు. తొలకరి పదును ఆరకముందు విత్తనం కొనవలసినప్పుడు. అదను దాటిన తరువాత పదింతలు అందినా ప్రయోజనముండదు. విజ్ఞానశాస్త్ర చరిత్రలోను ఇదే నియమం కనిపిస్తుంది. పేరు వచ్చిన పరిశోధకునికి సహాయం చేసేవారు ఎందరో ఉంటారు. పేరు రాకముందు, ఫలితం ఏదీ చేతిలో లేనప్పుడు, అతనిని ఎవరు నిలబెట్టినారన్నదే అసలు ప్రశ్న.

దీనికి ఆంధ్రుల చరిత్రలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నంలోగాని ఆయన నెగ్గలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఆయన చదువు స్నేహితుల సహాయంతోను, తరువాత తనకు మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి తోడ్పాటుతోను సాగినది. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి వచ్చారు. అన్నగారు స్ప్రూ అనే పేగుల వ్యాధితో మరణించడం ఆయన మనస్సులో చెరగని ముద్ర వేసినది.

ఇటువంటి యువకుడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదవాలనుకున్నాడు. అతనికి ధనం ఎవరిస్తారు? రంగూనులో వ్యాపారం చేసి ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకర్ పేరిట కాకినాడలో ఒక ధర్మసంస్థ ఉన్నది. ఆ సంస్థ సహాయం చేయగలమని మాట ఇచ్చినది. మామగారు మరికొంత కూడబెట్టి ఇచ్చారు. ఆ మూలధనంతోనే సుబ్బారావుగారు 1920ల తొలి సంవత్సరాలలో బోస్టన్ నగరం చేరుకున్నారు. అది చాలక అక్కడి ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే కొలువు చేశారు.

ఇక ఫలితం చూడండి. 1925లో సైరస్ ఫిస్కేతో కలసి, రక్తంలోను మూత్రంలోను ఉన్న భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. పరీక్షించే ద్రవానికి ఆమ్లము, మాలిబ్డేటు కలిపి క్షయకరణం చేస్తే నీలిరంగు ఏర్పడుతుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఈ కొలత సాయంతోనే వారు 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్ ఉనికిని వెల్లడించారు, 1929లో ఎ.టి.పి.ని గురించి ప్రకటించారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఎ.టి.పి.ని కనుగొన్నాడు. జీవకణంలో శక్తి చేతులు మారేది ఈ పదార్థం ద్వారానే. 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరిన తరువాత సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషణ చేసినది. స్ప్రూలో కలిగే రక్తహీనతకు అది మందయినది. బోదకాలు వ్యాధికి వాడే డైఈథైల్ కార్బమజీన్, మొదటి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్, పిల్లల రక్తక్యాన్సరుకు సిడ్నీ ఫార్బర్ ప్రయోగించిన అమినోప్టెరిన్ ఆ ప్రయోగశాల నుండి వచ్చినవే. 1948 ఆగస్టులో మరణించేవరకు ఆయన స్వదేశానికి తిరిగి రాలేదు.

కాకినాడ ధర్మసంస్థ చేసిన సహాయం గొప్పదే. కాని దానధర్మం మీద ఆధారపడిన చదువు అదృష్టం మీద ఆధారపడిన చదువే. ఒక్క సుబ్బారావుకు దాత దొరికితే, దొరకక ఆగిపోయినవారి పేర్లు చరిత్రకు ఎక్కవు. అందుచేత ప్రపంచమంతటా ఈ బాధ్యతను క్రమంగా సంస్థలు చేపట్టినవి. బ్రిటనులో 1909లో బైట్ స్మారక ఫెలోషిప్పులు వైద్యపరిశోధన కోసమే ఏర్పడినవి. భారతదేశంలో 1911లో ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్ వెలసినది. స్వాతంత్ర్యానంతరం 1949లో అదే భారత వైద్యపరిశోధన మండలిగా, అనగా ఐ.సి.ఎం.ఆర్.గా, మారినది.

ఈ మార్పు వలన కలిగిన మేలును మరొక తెలుగు వైద్యుని జీవితంలో చూడవచ్చును. 1921లో శ్రీకాకుళంలో జన్మించిన వులిమిరి రామలింగస్వామిగారు విశాఖపట్నంలో వైద్యం చదివి, ఆక్స్‌ఫర్డులో పరిశోధన చేసి, స్వదేశానికి తిరిగివచ్చారు. ఇక్కడ ఆయన పనిచేయడానికి కూనూరులో పోషకాహార పరిశోధనశాల సిద్ధంగా ఉన్నది. 1956 నుండి కాంగ్రా లోయలో, అయోడిన్ కలిపిన ఉప్పు వాడితే గలగండవ్యాధి తగ్గుతుందని ఆయన సహచరులతో కలసి నిరూపించారు. తరువాత 1979 నుండి 1986 వరకు ఆయనే ఐ.సి.ఎం.ఆర్.కు అధిపతిగా పనిచేశారు. విదేశాలలో ఉన్న భారతీయ శాస్త్రజ్ఞులను స్వదేశానికి రప్పించడానికి కేంద్ర జీవసాంకేతిక శాఖ ఇచ్చే ఫెలోషిప్పు నేడు ఆయన పేరనే ఉన్నది.

నేటి విద్యార్థికి మార్గాలు ఇంకను కొన్ని ఉన్నవి. ఎం.ఎస్‌సి. తరువాత జాతీయ పరీక్షలో ఉత్తీర్ణులై అర్హత పొందినవారికి జూనియర్ పరిశోధక వేతనం లభిస్తుంది. 2018 చివరలో పరిశోధక విద్యార్థులు దాని పెంపు కోరుతూ ఆందోళన చేయగా, 2019 జనవరిలో అది నెలకు 31,000 రూపాయలైనది. 2023 జనవరి నుండి 37,000 అయినది. పిహెచ్.డి. ముగించినవారి కోసం జీవసాంకేతిక శాఖ, బ్రిటనులోని వెల్‌కమ్ ట్రస్టు కలసి 2008–09లో ఒక పథకం ప్రారంభించినవి. దీనిని నడిపే ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాదులోనే ఉన్నది. దాని తొలిదశ ఫెలోషిప్పులు జీతమే గాక పరిశోధన ఖర్చులు కూడా భరిస్తాయి. 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పథకం మూడవ దశకు ఆమోదం తెలిపినది.

ఈ అవకాశాలు ఉన్నవని తెలియనివానికి అవి లేనట్లే. అనంతపురం సీమలో భూగర్భజలాలలోని ఫ్లోరైడు, కరువుతో వచ్చే పోషకాహార లోపం పుస్తకాలలోని సమస్యలు కావు, ప్రజలు అనుభవిస్తున్నవి. వాటిని గురించి ప్రశ్న వేయగల విద్యార్థి గోరంట్ల ఉన్నత పాఠశాలలోనే ఉండవచ్చును. పరిశోధనకు జీతం ఇస్తారన్న సంగతి అతనికి పదవ తరగతిలోనే చెప్పగలిగినది ఉపాధ్యాయుడు. ఒకసారి పరీక్ష తప్పినంత మాత్రాన దారి మూసుకొనిపోదని చెప్పడానికి సుబ్బారావుగారి మెట్రిక్యులేషన్ కథ చాలును.