పడ్డ రాకెట్లు దిద్దిన రాకెట్

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం నార్‌ఫోక్ పట్టణంలో ఆర్విల్ కార్లైల్‌ది చెప్పుల దుకాణం. ఆయనకు బాణసంచా పిచ్చి, సోదరుడు రాబర్ట్‌కు మోడల్ విమానాల పిచ్చి. 1954లో ఈ రెండు పిచ్చిలూ కలిసి ఒక కాగితపు గొట్టం రాకెట్ తయారైంది. లోపల తుపాకిమందు మోటారు, దానిపైన మడిచి పెట్టిన చిన్న పారాచూట్. మన తారాజువ్వ పైకెళ్లాక ఎక్కడ పడిందో ఎవరూ వెతకరు. కార్లైల్ రాకెట్ మాత్రం క్షేమంగా దిగాలి, కొత్త మోటారు పెడితే మళ్లీ ఎగరాలి. ఆ ఒక్క షరతు వల్లే ఈ సరదాకు మరమ్మతు తోడైంది.

1957లో వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రంలో భద్రత చూసే ఇంజనీరు హ్యారీ స్టైన్‌కు కార్లైల్ తన నమూనాలు పంపాడు. సొంతంగా మందు కలిపి చేతులు కాల్చుకుంటున్న కుర్రాళ్లకు ఇదే సరైన దారి అని స్టైన్‌కు తోచింది. సంఘం పెట్టాడు, కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీకి మోటార్లు చేసిపెట్టడానికి డెన్వర్‌కు చెందిన వెర్న్ ఎస్టెస్ ఒక యంత్రం కట్టాడు. ఐదున్నర సెకన్లకో మోటారు తీసే ఆ యంత్రానికి ‘మేబెల్’ అని ముద్దుపేరు.

ఆ కాలపు రాకెట్‌కు దెబ్బ తగిలినా జిగురు, సన్న కాగితంతో సరిపోయేది. 1980ల్లో పెద్ద మోటార్లు రావడంతో ఆ రోజులు పోయాయి.

మోటార్లకు అక్షరాల లెక్క ఉంది. ఒక్కో అక్షరం దాటితే మోటారు ఇచ్చే మొత్తం తోపుడు హద్దు రెట్టింపు. ‘ఏ’ నుంచి ‘ఎం’ చేరేసరికి అది నాలుగు వేల రెట్లు పైబడుతుంది. ‘హెచ్’ నుంచి పైవన్నీ హై పవర్ కింద లెక్క. ఈ పెద్ద మోటార్లలో తుపాకిమందు స్థానంలోకి అమోనియం పెర్‌క్లోరేట్ కలిపిన రబ్బరులాంటి ఇంధనం వచ్చింది. స్పేస్ షటిల్ పక్క బూస్టర్లలో వాడినదీ ఈ జాతి ఇంధనమే. 1982లో ఒహాయోలోని మెడీనాలో పెద్ద రాకెట్ల వాళ్లు తొలిసారి జాతర చేశారు. దానికి పెట్టుకున్న పేరు ‘లార్జ్ డేంజరస్ రాకెట్ షిప్స్’. భద్రతే ప్రాణంగా పుట్టిన సరదాకు ఆ పేరు పెట్టడం కొంటెతనమే!

పెద్ద మోటారుతో పెద్ద దెబ్బలూ వచ్చాయి. వాటిలో పేరు మోసింది ‘జిప్పర్’. మోటారు ఆగాక ఇన్ని సెకన్లకు పారాచూట్ బయటికి నెట్టాలని ముందే కట్టిన లెక్క తప్పితే, రాకెట్ ఇంకా వేగంగా పోతుండగానే పారాచూట్ తెరుచుకుంటుంది. ముక్కునూ ఒంటినీ కలిపే తాడు ఒక్కసారిగా బిగుసుకుని గొట్టం అంచును నిలువునా చీలుస్తుంది. పారాచూట్‌ను నెట్టే మంటకు తాడు కాలిపోతోందని కెవ్లార్ తాడు తెచ్చారు. అది అంత తేలిగ్గా కాలదు, కానీ సాగదు కూడా. కాగితపు గొట్టాన్ని ఇంకా శుభ్రంగా కోసింది.

చీలిన మేరకు గొట్టాన్ని రంపంతో అడ్డంగా కోసేయడం, లోపల కప్లర్ అనే జోడింపు గొట్టం దూర్చి ఎపాక్సీ జిగురుతో కొత్త ముక్క అతకడం మామూలు చికిత్స. దాంతో పొడవు, బరువు మారతాయి కనుక గురుత్వ కేంద్రాన్ని మళ్లీ చూసుకోవాలి. అది గాలి ఒత్తిడి కేంద్రానికి కనీసం ఒక గొట్టం వ్యాసమంత ముందుండాలని వాడుక లెక్క. అది చూసుకోకుండా ఎగరేస్తే రాకెట్ ఎటు తిరుగుతుందో చెప్పలేం.

తెలివైనవాళ్లు అతుకుతో ఆగలేదు. కప్లర్‌ను కింది భాగానికే శాశ్వతంగా అతికించి, దాన్ని మూసిన బిళ్ల నుంచే తాడు బయలుదేరేలా చేశారు. ఇక తాడు కోయడానికి పలుచని అంచే లేదు. విరిగే రెక్కలకూ ఇలాంటి మందే దొరికింది. గొట్టానికి గాటు పెట్టి, రెక్క వేరును లోపలి మోటారు గొట్టం దాకా దించి, మూలలన్నీ ఎపాక్సీతో నింపారు. కాగితపు గొట్టాల మీదికి ఫైబర్‌గ్లాస్ బట్ట ఎక్కింది.

అసలు రోగం మాత్రం సమయానిది. గాలి పీడనం కొలిచే చిన్న ఆల్టీమీటర్లు వచ్చాక, శిఖరం దగ్గర చిన్న పారాచూట్, నేలకు కొన్ని వందల అడుగుల ఎత్తులో పెద్దది తెరిచే పద్ధతి వచ్చింది. రాకెట్ ఎక్కడో దూరాన తేలిపోయే బెడదా తగ్గింది. అయితే ధ్వని వేగం దాటేటప్పుడు పీడనం ఎగిరిపడి, శిఖరం వచ్చేసిందని ఆ పరికరం మోసపోయేది. అంత వేగంలో పారాచూట్ తెరిస్తే మిగిలేది ముక్కలే. అందుకని ఆ కొద్ది సెకన్లు పరికరం పీడనాన్ని పట్టించుకోకుండా ఏర్పాటు చేశారు.

అమెరికాలో హై పవర్ మోటారు కొనాలంటే రాకెట్ సంఘం సర్టిఫికెట్ కావాలి. అందులో మూడు మెట్లు: ‘హెచ్’, ‘ఐ’ మొదటిది, ‘జె’ నుంచి ‘ఎల్’ దాకా రెండోది, దానికి రాతపరీక్ష కూడా ఉంది, ‘ఎం’ నుంచి పైకి మూడోది. ఎంత ఎత్తు వెళ్లిందన్నది పరీక్షకుడికి అక్కర్లేదు. దిగిన రాకెట్‌ను ఆయనకు చూపించాలి. అప్పటికప్పుడు ఇంకో మోటారు పెడితే క్షేమంగా ఎగరగలదా అన్నదే ఆయన చూసేది. ఎగరలేనంత దెబ్బ ఉంటే సర్టిఫికెట్ రాదు. బాగుచేసుకుని మళ్లీ రావాల్సిందే.