ఊర్మిళాదేవి నిద్ర: పాటలోని మనుష్యులు, వరుసలు

1537 ప్రాంతమున బెంగుళూరు నగరమునకు పునాది వేసిన కెంపేగౌడ పేర "గంగాగౌరీ విలాసము" అను తెలుగు యక్షగానము సాహిత్య చరిత్రలలో పేర్కొనబడుచున్నది. ఈ నేలపై తెలుగు పాట నిన్న మొన్న వచ్చిన చుట్టము కాదనుటకు ఈ యొక్క నిదర్శనము చాలును. శివుని జటలలోని గంగను, మేన సగమైన గౌరిని సవతులుగా భావించి, కైలాసమును మన యింటివంటి యిల్లుగా జూచుట తెలుగు పాటలకు చిరకాలపు అలవాటు. ఆ చూపు రామకథపై ప్రసరించినప్పుడు పుట్టినదే "ఊర్మిళాదేవి నిద్ర".

వాల్మీకి బాలకాండమున ఊర్మిళను లక్ష్మణునకిచ్చి వివాహము జరిపించెను. అటుపిమ్మట ఆమెను దాదాపుగా మరచెను. మన స్త్రీలు మరువలేదు. అన్నకును వదినకును కావలి కాయుటకై లక్ష్మణుడు విడిచిన నిద్ర పదునాలుగేండ్లు ఊర్మిళను ఆవరించినదని వారు పాడుకొనిరి. పట్టాభిషేకము జరిగిన పిమ్మట చెల్లెలిని తలచుకొని, మరిదిని ఆమె కడకు పంపుమని రామునితో చెప్పునది సీత. ధర్మమూర్తియైన అన్నకు తోచని ధర్మము అక్కకు తోచినది.

లక్ష్మణుడు శయ్యపై గూర్చుండి పలుకరించును. ఊర్మిళ గుర్తింపదు. పరపురుషుడని భయపడి, తన తండ్రి వినిన దండించుననియు, అక్కయు బావయు వినిన ప్రాణహాని తప్పదనియు బెదరించును. పరస్త్రీని కోరిన ఇంద్రుని అవమానమును, రావణుని వినాశమును హెచ్చరికగా చెప్పును. లంకలో యుద్ధము జరుగునంతకాలము నిద్రించిన యామెకు రావణుని చావు ఎట్లు తెలిసెనని తార్కికుడు ప్రశ్నింపవచ్చును. పాడువారికి తెలియును. ఊర్మిళ నోట మాటాడుచున్నది ఆమె యొక్కతె కాదు. ఆ పాట పాడుచు వినుచున్న ఆడువారందరును.

దానికి లక్ష్మణుడిచ్చు ఉత్తరమే ఈ పాటకు ప్రాణము. ఇంద్రజిత్తును గూల్చిన వీరుడనని అతడు చెప్పుకొనడు. రాముని తమ్ముడను, జనకుని అల్లుడను, సీతకు మరిదిని అని చెప్పుకొనును. ఏ చుట్టరికములను జూపి ఆమె బెదరించెనో, ఆ చుట్టరికములనే అతడు సాక్ష్యముగా నిలిపెను. ముఖము గుర్తింపరాని చోట వరుస గుర్తింపజేసినది. అయితే తమ్ముడుగా ఋణము తీర్చుకొన్నవాడు భర్తగా బాకీపడెనను సంగతి కూడ ఇచటనే తేటపడుచున్నది. పాట అతనిని నిందింపదు. ఆ బాకీని మాత్రము దాచదు.

దీనికి తోడుగా "లక్ష్మణదేవర నవ్వు" అను పాట గలదు. నిండుసభలో నిద్రాదేవి మరలి వచ్చుట జూచి లక్ష్మణుడు నవ్వును. సభలోని ప్రతివారును తమ లోపమును జూచియే నవ్వెనని కుములుదురు. గంగను తలపై నుంచుకొన్న శివునకు సైతము ఆ అనుమానము తప్పలేదు. ఒక్క నవ్వుతో ఇందరి అంతరంగములను బయలుపరచిన ఈ కల్పన ఏ మహాకవికైనను గర్వకారణమే.

ఊర్మిళ ఉపేక్షింపబడెనని రవీంద్రుడు వ్యాసము వ్రాసెను. హిందీలో మైథిలీశరణ గుప్త "సాకేత్" కావ్యమున ఆమెకు ప్రాధాన్యమిచ్చెను. కన్నడమున కువెంపుగారు, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమునందిన "శ్రీ రామాయణ దర్శనం"లో, ఆమెను తపస్వినిగా దర్శించిరి. తెలుగు స్త్రీల ఊర్మిళ తపస్విని కాదు; మేలుకొని, భయపడి, కోపించి, ఏడ్చిన ఇల్లాలు. 1991లో వెల్చేరు నారాయణరావుగారు ఆంగ్లమున వ్రాసిన వ్యాసము వలన ఈ స్త్రీల రామాయణము విదేశీయ పండితులకు పరిచితమైనది.

బెంగుళూరులో తరములుగా స్థిరపడిన మనకు ఈ పాటతో మరియొక నిమిత్తము గలదు. మన పిల్లలు కన్నడము చక్కగా నేర్చుచున్నారు, సంతోషింపదగిన విషయమే. కన్నడిగులకును భావ, మైదున, అత్తిగె అను వరుసలున్నవి. వారి యింట ఈ పాట అర్థమగును. అర్థము కానిది అందరిని అంకుల్, ఆంటీ అని పిలుచు ఇంటిలోనే. మరిది యనగా నెవరో తెలియని బాలికకు లక్ష్మణుని సాక్ష్యము వట్టి మాటల మూట. కావున పెద్దలు ఈ పాట వినిపించునప్పుడు రాగముతో తృప్తిపడక, ఎవరు ఎవరికి ఏమగుదురో విడమరచి చెప్పవలెనని మనవి.