నవ్వినవాడి ఉద్యోగం ముందు పోయింది

బోథ్ నుంచి ఫోన్ చేస్తే మావాళ్లు తప్పక అడిగే మాట: "ఆడ పోలీసోళ్లు పైసలు తీస్కోరట గదా?" నేనుండే సియాటిల్‌లో ట్రాఫిక్ పోలీసు చేయి చాపడం నేనైతే చూడలేదు. కానీ 1960లలో ఈ ఊళ్లోనూ మామూళ్లు నడిచాయి. పేకాట క్లబ్బులు, బార్లు నెలనెలా బీటు పోలీసుకు ముట్టజెప్పేవి, అందులో వాటా పైదాకా పోయేది. 1970లో ఒక అసిస్టెంట్ చీఫ్‌కే అబద్ధపు సాక్ష్యం కేసులో శిక్ష పడింది. ఆ తర్వాతే ఆ గొలుసు సడలింది.

ఇక్కడి పోలీసు నియమాల వెనక చాలాసార్లు దెబ్బలు తిన్న మనిషో, చచ్చిపోయిన మనిషో ఉంటాడు. 1991లో లాస్ ఏంజెలెస్‌లో రాడ్నీ కింగ్‌ను పోలీసులు చితకబాదుతుంటే ఒకాయన వీడియో తీశాడు. ఆ గొడవ ఫలితంగా 1994లో వచ్చిన చట్టంతో, దారి తప్పిన పోలీసు శాఖను కోర్టుకు ఈడ్చే అధికారం కేంద్రానికి దక్కింది.

ఆ అధికారం సియాటిల్ మీదికి రావడానికి కారణం జాన్ టి. విలియమ్స్. ఆదివాసీ, తాతల నాటి నుంచి కొయ్య చెక్కే వంశం. 2010 ఆగస్టు 30న చేతిలో చెక్క, చెక్కే కత్తి పట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. ఒక చెవి సరిగా వినపడదు. వెనక నుంచి పోలీసు "కత్తి కింద పెట్టు" అని అరిచి, నాలుగైదు సెకన్లలోనే కాల్చేశాడు. ఆ కాల్పులు తప్పని శాఖే తేల్చింది. కేసు మాత్రం పెట్టలేదు. దురుద్దేశం ఉందని రుజువైతేనే పోలీసును శిక్షించాలనే 1986 నాటి రాష్ట్ర చట్టం అడ్డుపడింది. 2018లో జనం ఓటేసి దాన్ని మార్చారు. ఆ కాల్పుల తర్వాత శాఖ మీద 2012లో మొదలైన ఫెడరల్ కోర్టు పర్యవేక్షణ 2025 సెప్టెంబర్ దాకా సాగింది.

విలియమ్స్ పేరిట అన్న చెక్కిన టోటెమ్ స్తంభం నగరం నడిబొడ్డున ఉంది. మనకు ఇంద్రవెల్లి స్తూపం ఉంది. గోండుల మీద పోలీసులు జరిపిన 1981 ఏప్రిల్ 20 కాల్పుల్లో చనిపోయినవాళ్లు 13 మందని సర్కారు లెక్క, గోండు గూడేల లెక్క వేరు. అక్కడ దండం పెట్టుకోవడానికి పోయినా ఏళ్ల తరబడి 144 సెక్షన్ ఎదురొచ్చేది.

ఇక మన పిల్ల సంగతి. ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి, 23 ఏళ్లు, నార్త్ ఈస్టర్న్ యూనివర్సిటీలో ఎమ్మెస్. 2023 జనవరి 23 రాత్రి సియాటిల్‌లో జీబ్రా గీతల మీద రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చనిపోయింది. అక్కడ పరిమితి గంటకు 25 మైళ్లు, ఆ కారులోని పోలీసు కెవిన్ డేవ్ నడిపింది 74. ఘటనాస్థలికి వెళ్లొచ్చిన డేనియల్ ఆడరర్ అనే మరో అధికారి తమ యూనియన్ అధ్యక్షుడికి ఫోన్ చేశాడు. ఒంటిమీది కెమెరా ఆగలేదు. అవతలి గొంతు వినపడదు, ఇతని నవ్వు వినపడుతుంది. ఎట్లాగూ 26 ఏళ్లది, పెద్దగా విలువ లేదు, 11,000 డాలర్ల చెక్కు రాస్తే సరి అన్నాడు. వయసు కూడా తప్పే. తర్వాత, తాను లాయర్లను వెక్కిరించానన్నాడు.

ఆ రికార్డింగును రోజువారీ పనిలో విని పైకి పంపింది శాఖలోని ఉద్యోగే. ఆడరర్ ఉద్యోగం 2024 జులైలో పోయింది. గుద్దిన డేవ్ ఉద్యోగం 2025 జనవరిలో, అంటే నవ్వినవాడి తర్వాత ఆరు నెలలకు. క్రిమినల్ కేసు లేదు, 5,000 డాలర్ల జరిమానాతో సరి. వ్యవస్థ మాటను పట్టినంత చురుగ్గా ప్రాణం తీసిన వేగాన్ని పట్టలేదని నా అభిప్రాయం.

అయినా ఒకటి చెప్పాలి. ఇక్కడ పోలీసుల మీద ఫిర్యాదులు చూసే ఆఫీసు అధిపతి పోలీసు కాదు. పరిశోధకుల్లో సార్జెంట్లు ఉన్నా సరే, పేరు చెప్పకుండా ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు, ముగిసిన కేసు సారాంశం బయటపెడతారు. ప్రకాశ్ సింగ్ కేసులో 2006లోనే మన సుప్రీంకోర్టు ఇలాంటిదే అడిగింది: డీఎస్పీ దాకా జిల్లా అథారిటీ, ఎస్పీ నుంచి పైకి రాష్ట్ర అథారిటీ. కానీ బోథ్ నుంచి సోమవారం కలెక్టర్ ప్రజావాణికి బస్సెక్కి ఆదిలాబాద్ పోయి, ఠాణా మీద కాగితం ఇచ్చారనుకోండి. "సంబంధిత శాఖకు" అని రాసి మళ్లీ పోలీసులకే పంపుతారు.