కొల్లేటి లెక్క రాసిన చేతులు

1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ పరమయ్యాయి. ఆ అయిదింటిలో ఏలూరు సర్కారొకటి. నేల చేతికొచ్చింది గానీ, ఏ ఊళ్లో ఎంత భూమి ఎవరి సాగులో ఉందో దొరలకు అంతు చిక్కలేదు. ఆ సంగతంతా ఊరి లెక్కలు రాసే కరణాల ఇళ్లలో, కవిలెకట్టల్లో ఉంది.

1802లో జమీందార్లకు శాశ్వతంగా పేష్కషు ఖాయం చేసిన ఏడే, కరణాల కోసం వేరే రెగ్యులేషను తెచ్చారు. కోర్టు తీర్పు లేనిదే కరణాన్ని జమీందారు తొలగించకూడదన్నారు. జమీందారు దాచిన లెక్క కరణం దగ్గరైనా దొరకాలన్నది కంపెనీ ఎత్తు. 1816లో గ్రామ మునసబుకు పది రూపాయల లోపు దావాలు తీర్చే అధికారమిచ్చారు. పాత పెద్దరికం సర్కారు ముద్ర వేయించుకుని మరింత గట్టిపడింది.

పాత పెద్దలను కొత్త పాలకులు ఇలా నిలుపుకోవడం మెక్సికోలో అంతకు ముందే జరిగింది. 1521లో అజ్టెక్ రాజ్యాన్ని కూల్చిన స్పెయిన్ వాళ్లు అక్కడి నావా జాతి ప్రభువర్గాన్ని ఊళ్ల పాలనలో ఉంచుకున్నారు. నావా రాజకుటుంబపు అల్లుడు, లాటిన్ పండితుడు ఆంటోనియో వలేరియానో 1573 నుంచి పాతికేళ్ల దాకా మెక్సికో నగరంలోని తనవాళ్లకు గవర్నరుగా ఉన్నాడు. త్లాక్స్‌కాలా పట్టణసభ తీర్మానాలను నావా భాషలోనే రాసుకుంది. మన కరణం తెలుగులో రాసినట్టే.

కొల్లేటి దగ్గర కరణం రాతకు బలం ఎక్కువగా ఉండేది. బుడమేరు, తమ్మిలేరు వచ్చి పడే సరస్సు అది. నీరు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరే దారి. వరదొస్తే సార్వా మునుగుతుంది, నీరు తీసిన నేలలో దాళ్వా వేస్తారు. గట్టు ఏటా ఒకచోట నిలవదు. కరణం అజమాయిషీకి వచ్చి అడంగల్లో సర్వే నంబరు, విస్తీర్ణం, నీటి ఆధారం, పంట, సాగుదారు పేరు వరసగా ఎక్కించేవాడు. మునిగిన చేనును పండినట్టు రాస్తే శిస్తు మాఫీ ఉండేది కాదు. సాగుదారు గడిలో మరో పేరు పడితే, చదువు రాని రైతుకు శిస్తు తేల్చే జమాబందీలో నోరు పెగిలేది కాదు. వలేరియానో పాండిత్యాన్ని మెచ్చుకోవచ్చు, మన కరణాల లెక్కల నేర్పునూ మెచ్చుకోవచ్చు. కానీ ఆ నేర్పు ఒక్క ఇంట్లోనే ఉండిపోవడం అన్యాయమే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఏలూరు కాలువ కింద తాడేపల్లిగూడెం వైపు మెట్ట మాగాణి అయింది. నీటితీరువా లెక్కా కరణానికే చేరింది. 1866లో ఏలూరుకు మునిసిపాలిటీ, 1884 చట్టంతో తాలూకా, జిల్లా బోర్డులు వచ్చాయి. ఏలూరు వకీలు కూర్మా వెంకటరెడ్డి నాయుడు 1920లో మద్రాసు మంత్రి అయ్యారు, 1937లో కొద్ది నెలలు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా చేశారు. పట్నంలో చదువుతో, ఓటుతో పైకొచ్చే దారి పడింది. పల్లెలో మాత్రం 1895 చట్టం కరణం, మునసబు ఉద్యోగాల్లో వారసత్వాన్నే మళ్లీ ఖాయం చేసింది.

తెనాలి తాలూకాలో ఒక మునసబు ఉద్యోగం మీద నడిచిన వ్యాజ్యంలో, పుట్టుకను బట్టి ఉద్యోగమివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులనే రద్దు చేసింది. దానిపై ఆ పదవుల్లో ఉన్నవాళ్లు వేసిన పిటిషన్లు 1985లో సుప్రీంకోర్టులో వీగిపోయాయి.