మూత్రపిండపు శోథ కంతులు: స్కాన్‌తో గుర్తింపు

మూత్రపిండంలో దీర్ఘకాలపు ఇన్‌ఫెక్షన్ వల్లో, రోగనిరోధక వ్యవస్థ గతి తప్పడం వల్లో ఏర్పడి, స్కాన్‌లో కాన్సర్‌లా కనిపించే ముద్దలను శోథ కంతులు అంటారు. శాంథోగ్రాన్యులోమాటస్ పైలోనెఫ్రైటిస్, మలకోప్లేకియా, ఐజీజీ4 సంబంధ వ్యాధి వీటిలో ముఖ్యమైనవి. ఇన్‌ఫ్లమేటరీ మయోఫైబ్రోబ్లాస్టిక్ కంతిని పాత గ్రంథాలు ఇక్కడే చేర్చాయి, ఇప్పుడు దాన్ని అసలైన కంతిగా లెక్కించడమే సరైనది. ఉత్తరాంధ్రలో ఉద్దానం పేరుతో తెలిసిన కిడ్నీ జబ్బు వేరు. అక్కడ రెండు మూత్రపిండాలూ కుంచించుకుపోతాయి, ముద్ద కట్టదు.

పై జాబితాలో మొదటిదైన శాంథోగ్రాన్యులోమాటస్ పైలోనెఫ్రైటిస్‌ను ష్లాగెన్‌హాఫర్ 1916లో వర్ణించాడు. ఆ పేరు 1935లో ఓబర్లింగ్ పెట్టాడని సాధారణంగా రాస్తారు. మధ్యవయసు స్త్రీలలో, రాయి అడ్డుపడి చాలాకాలంగా చీము పట్టిన ఒకవైపు మూత్రపిండంలో ఎక్కువగా వస్తుంది. కాంట్రాస్ట్ సీటీలో దీని రూపం ప్రత్యేకం: మూత్రపిండం పెద్దదై ఉంటుంది, కానీ మందును మూత్రంలోకి వదలదు. నడుమ కొమ్ములు చాచిన రాయి, దాన్ని బిగించి పట్టిన పెల్విస్, చుట్టూ ఉబ్బిన కాలిసెస్‌లో నీటి సాంద్రతకు అటూ ఇటూగా ఉండే నల్లని గుంటలు, వాటి అంచులకు మాత్రం తెల్లని మెరుపు. దీన్నే రేడియాలజిస్టులు ఎలుగుబంటి పంజా అంటారు. ఇన్ని లక్షణాలు కలిసి వస్తే రోగనిర్ధారణ దాదాపు ఖాయమే. నూటికి ఎనభైకి పైగా కేసులు మూత్రపిండమంతా పాకిన ఈ రకానివే, వాటికి మూత్రపిండం తీయడమే చికిత్స.

అసలు చిక్కు మిగిలిన కొద్దిపాటి కేసుల్లో ఉంది. ఒక మూలకే పరిమితమైన ముద్దలో రాయి ఉండకపోవచ్చు, మిగతా కిడ్నీ చక్కగా పనిచేస్తుంటుంది. సీటీలోనే కాదు, ఎమ్మారై డిఫ్యూజన్ చిత్రంలోనూ, పెట్ స్కాన్‌లోనూ అది కాన్సర్‌లాగే మెరుస్తుంది. మలకోప్లేకియాదీ అదే తీరు. దాన్ని మొదట గుర్తించినవారి విషయంలో రచయితలు ఏకీభవించరు. హాన్సెమాన్ ముందే చూశాడంటారు కానీ, అతని వ్యాసం 1903లో వచ్చింది. మైకేలిస్, గుట్‌మాన్ల వ్యాసం 1902 నాటిది కనుక ముద్రణ ప్రకారం వారికే ప్రాధాన్యం ఇవ్వడం సబబు. ఐజీజీ4 వ్యాధిలో మచ్చలు సాధారణంగా రెండు వైపులా, కార్టెక్స్‌లో పలుచోట్ల ఉంటాయి. రక్తంలో ఐజీజీ4 పెరిగి ఉండటం, ప్యాంక్రియాస్ వాచి ఉండటం దానికి తోడ్పడే ఆధారాలు. ఇలాంటి సందర్భంలో స్కాన్ తీర్పు చెప్పదు, అనుమానాన్ని సరైన దిశకు తిప్పుతుంది. అందుకే మూత్రపిండం తీసే ముందు బయాప్సీ చేయాలి. సూది దారిలో కాన్సర్ కణాలు పాకుతాయన్న అభ్యంతరం పాతది. గొట్టం గుండా సూది పంపే నేటి పద్ధతిలో అది చాలా అరుదు. ముక్కలో శోథ మాత్రమే వచ్చినా పక్కనే కాన్సర్ ఉండొచ్చన్న అభ్యంతరం మాత్రం బలమైనది. రెండూ ఒకే మూత్రపిండంలో దొరికిన కేసులు నమోదయ్యాయి. దానికి జవాబు బయాప్సీ మానడం కాదు, చికిత్స ఇచ్చి మళ్ళీ స్కాన్ తీసి ముద్ద తగ్గిందో లేదో చూడటం. మలకోప్లేకియా తగిన యాంటీబయాటిక్స్‌కు, ఐజీజీ4 వ్యాధి స్టెరాయిడ్లకు లొంగే అవకాశం ఉన్నప్పుడు, పనిచేసే కిడ్నీని తొందరపడి తీయడం సమర్థనీయం కాదు.

మన దేశంలో జాబితాకు క్షయ కూడా చేరుతుంది. రాయిలా సున్నం పట్టి, పనిచేయని క్షయ కిడ్నీని సీటీలో శాంథోగ్రాన్యులోమాటస్ రకంగా పొరబడటం తేలికే. మూత్రంలో క్షయ పరీక్ష అడగాల్సింది ఇక్కడే. అనకాపల్లి జిల్లా బుచ్చయ్యపేట వంటి మండలంలో రోగికి మొదట జరిగేది సాధారణంగా అల్ట్రాసౌండ్. అది రాయినీ వాపునూ పట్టిస్తుంది కానీ ముద్ద స్వభావం చెప్పదు. తర్వాత విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆసుపత్రికి, 1923లో ఏర్పడిన ఆంధ్ర వైద్య కళాశాల విభాగాలకు చేరేసరికి పాత కాగితాలే ఆధారం. జ్వరం ఎప్పటినుంచో, షుగర్ ఉందో లేదో, కల్చర్‌లో ప్రోటియస్ వచ్చిందో ఈ.కోలై వచ్చిందో, క్రియాటినిన్ ఎంతో సీటీ చీటీ మీద రాసి ఉండాలి. అవి లేకుండా ఒంటరి ముద్దను చూసే రేడియాలజిస్టు కాన్సర్ అనే రాస్తారు.