నేల ఉసిరి: ఒక పేరు, మూడు మొక్కలు

పచ్చకామెర్లకు నేల ఉసిరి పసరు పోయడం మన పల్లెల్లో అందరూ ఎరిగిన సంగతే. వానలు పడగానే దొడ్లోనూ పొలం గట్ల మీదా మొలిచే జానెడు మొక్క ఇది. రెమ్మల అడుగున చిట్టి ఉసిరికాయల్లాంటి కాయలు వరసగా వేలాడుతుంటాయి. పెద్దవాళ్ళు దీన్ని నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగించేవారు. రోగికి నయమయ్యేది కూడాను.

ఈ మధ్య మన వాళ్ళలోనే ఒక తల్లి నన్నొక ప్రశ్న అడిగారు. ఆమె కుమారుడికి హెపటైటిస్ బి చాలాకాలంగా ఉంది, మాత్రలు వాడుతున్నాడు. "ఊరి నుంచి నేల ఉసిరి పొడి తెప్పించాను డాక్టరు గారూ! పెద్ద పత్రికలోనే పడిందట కదా, ఇది పనిచేస్తుందని. ఇక మాత్రలు మానిపించవచ్చునా?" అన్నారు. వద్దని అప్పుడే చెప్పాను. కాని "ఎందుకు వద్దు?" అన్నదానికి సమాధానం చెప్పాలంటే ఆ పత్రిక ఏమిటో, అందులో ఏ మొక్క గురించి రాశారో చూడాలి కదా! అలా చూడబోతే కథ మూడు వందల ఏళ్ళ వెనక్కి తీసుకుపోయింది.

కొచ్చిన్‌లో డచ్చి వారి అధికారిగా ఉన్న వాన్ రీడ్, ఇట్టి అచ్యుతన్ వంటి స్థానిక వైద్యుల సాయంతో మలబారు మొక్కలకు బొమ్మలు వేయించి "హోర్టస్ మలబారికస్" అనే గ్రంథం తెచ్చాడు. 1678 నుంచి 1693 వరకు 12 సంపుటాలుగా ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. 1753లో స్వీడన్ దేశస్థుడు లిన్నేయస్ లోకంలోని మొక్కలకు రెండేసి మాటల పేర్లు పెడుతూ, ఒక చిన్న మొక్కకు "ఫిల్లాంథస్ నిరూరి" అని పేరు పెట్టాడు. అది పెరిగే చోటు "ఇండీస్" అన్నాడు. ఆ రోజుల్లో ఆ మాటకు మన ఇండియా ఒకటే కాదు, అమెరికా పక్కనున్న వెస్టిండీస్ దీవులూ అర్థమే. చిక్కంతా అక్కడ మొదలైంది.

మన దేశపు వృక్షాల గురించి తర్వాత రాసిన వారు నేల ఉసిరికి ఆ పేరే ఖాయం చేశారు. హూకర్ తెచ్చిన "ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా" ఏడు సంపుటాల మహాగ్రంథం. 1887లో అందులోనూ "నిరూరి" అనే పడింది. అంత పెద్దాయన రాశాక కాదనేదెవరు? ఆయుర్వేద పుస్తకాలూ, మందుల కంపెనీల చీటీలూ దాన్నే ఎత్తి రాసుకున్నాయి.

1950లలో వెబ్‌స్టర్ అనే అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు పాత ఎండుమొక్కల నమూనాలు ముందు పెట్టుకుని ఈ జాతిని మొదటి నుంచి పరిశీలించాడు. నిరూరి అనే పేరు న్యాయంగా చెందవలసింది అమెరికా ఖండపు మొక్కకని తేల్చాడు. 1985లో మిత్రా, జైన్ అనే మన శాస్త్రజ్ఞులు మన గ్రంథాల్లోని నిరూరి నిజానికి అమారస్, ఫ్రాటర్నస్, డెబిలిస్ అనే మూడు వేరు వేరు మొక్కల కలగాపులగమని చూపించారు. చూపుకు మూడూ అక్కచెల్లెళ్ళే. తెలుగులో మూడూ నేల ఉసిరే.

ఇక ఆ పరీక్షల సంగతి. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ బహుమతి పొందిన బ్లంబర్గ్, వెంకటేశ్వరన్ ప్రభృతులు 1987లో ఒక వ్యాసం ప్రచురించారు. వుడ్‌చక్ అనే జంతువుకు వచ్చే ఇలాంటి వైరస్ మీద ఈ మొక్క సారం పనిచేసిందన్నారు. అందులో మొక్క పేరు నిరూరి. మరుసటి ఏడు, 1988లో, మద్రాసులో త్యాగరాజన్ బృందం మనుషుల మీద చేసిన పరీక్ష "లాన్సెట్" పత్రికలో వచ్చింది. అక్కడ పేరు అమారస్. 30 రోజులు మందు వాడిన 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది. ఉత్తుత్తి మందు వాడిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆ తల్లి విన్న "పెద్ద పత్రిక" ఇదే.

మరి ఆ తర్వాత? 1990లో అదే లాన్సెట్‌లో థాయ్‌లాండ్ వైద్యుల పరీక్ష వచ్చింది. అదే అమారస్ వాడి చూస్తే వైరస్ పోలేదు. 1994లో న్యూజీలాండ్ పరీక్షలోనూ గుణం కనిపించలేదు. ఈ మొక్కల మీద జరిగిన పరీక్షలను సమీక్షించిన కోక్రేన్ సంస్థ వారు కూడా, ఇది ఉత్తుత్తి మందుకన్న మేలని చెప్పే ఆధారం దొరకలేదని 2011లో రాశారు. మొదటి వ్యాసం ఊరూరా పాకింది. తర్వాతవి మన చెవిన పడలేదు. అంతే తేడా.

అయితే మన పెద్దలు అబద్ధం చెప్పారా? లేదు, కళ్ళారా చూసిందే చెప్పారు. కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ కామెర్లు చాలామందికి కొద్ది వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పసరు పోసినా తగ్గుతాయి, పోయకున్నా తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కింది. ఏళ్ళ తరబడి కాలేయంలో దాగి ఉండే బి వైరస్ అలాంటిది కాదు. వాడుతున్న మాత్రలు హఠాత్తుగా మానితే ఒక్కోసారి అది విజృంభించి ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకే ఎవరైనా మొక్క మందు గురించి "పత్రికలో పడింది" అంటే నేను నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. ఏ మొక్క? దాని నమూనా ఎక్కడైనా భద్రపరిచారా? రాసినవారు మూలం చూశారా, ఒకరిని చూసి ఒకరు ఎత్తి రాశారా? వేరొకరు మళ్ళీ చేసి చూస్తే ఏమైంది? హూకర్ అంతటివాడి పుస్తకంలోనూ మొదటి ప్రశ్న దగ్గరే పొరపాటు దొర్లిందంటే, మన జాగ్రత్తలో మనం ఉండవద్దూ!

ఆ తల్లికి ఇదంతా వివరంగా చెప్పాను. ఆమె ఓపికగా విని, "అయితే నా డబ్బాలో ఉన్నది ఆ మూడింట్లో ఏదండీ?" అని అడిగారు. పొడి అయిపోయాక అది చెప్పడం నా తరం కాదన్నాను. డబ్బా ఆమె అలమరలోనే ఉంది. అబ్బాయి మాత్రలు మానలేదు.