బిళ్ళ బ్యాటరీ, పాత తేదీ

చవగ్గా దొరికిందని మావారు ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు తెచ్చారు. మీట నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, కుయ్‌మంటుంది, నల్లతెర మీద ఏదో రాసి ఆగిపోతుంది. తేదీ చూద్దును కదా, 1980 జనవరి 1!

బాగుచెయ్యడానికి బాపట్ల నుంచి ఓ కుర్రాడొచ్చాడు.

"ఏ ఊరు బాబూ మీది?"

"స్టూవర్టుపురమండీ."

ఏం పాపమో, నా చూపు బల్లమీది గొలుసు మీదికి పోయింది. అతనూ గమనించాడు.

ఎక్కడిదండీ ఈ చూపు? 1871లో తెల్లదొరలు కొన్ని కులాలకు పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేస్తూ చట్టం చేశారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. 1913 ప్రాంతంలో ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో ఇక్కడ సెటిల్మెంటు పెట్టారు. హెరాల్డ్ స్టూవర్ట్ దొర పేరే ఊరి పేరైంది. రోజూ హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. 1952లో చట్టం రద్దయింది. 1970లలో జాషువాగారమ్మాయి హేమలతా లవణంగారు వెళ్ళి వాళ్ళ మధ్య పనిచేశారు.

"పెద్ద జబ్బేం కాదండీ," అన్నాడు కుర్రాడు. "లోపల బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. కరెంటు తియ్యగానే తన డిస్కు సంగతి కూడా మరిచిపోయి, పాత తేదీకి పోతోంది."

మూడు వోల్టుల కొత్త బిళ్ళ వేసి, ఇవాళ్టి తేదీ పెట్టాడు. యంత్రం లేచింది.

చట్టం పోయి ఎన్నేళ్ళయినా, నా బుర్రలో తేదీ మాత్రం 1911 దగ్గరే ఆగిందన్నమాట! సిగ్గేసింది.

"కూర్చో నాయనా, కాఫీ తెస్తాను," అని, గొలుసు తియ్యకుండానే వంటింట్లోకి నడిచాను.